గిన్నెలతో సహా పట్టుకుపోయారు!

బ్యాంకు ఉద్యోగం వదిలేసి కళాకారులవుదామని కలలు కంటున్న సోదర సోదరీమణులారా! ముందు ఒక సంగతి తేల్చుకోండి. మీకు ప్రతిభ ఉందా లేదా అన్నది ఎవరికి కావాలి? చుట్టాలున్నారా లేదా? అదీ ప్రశ్న! కళకి చుట్టాలను మించిన పోషకులు లేరు. నవ్వకండి. మా అల్మాటీ నగరంలో, మా మేడమీదే, కళ్ళారా చూసి చెబుతున్నాను.

మా పై అంతస్తు రౌషాన్ నిన్నమొన్నటిదాకా బ్యాంకులో రిస్క్ విభాగానికి అధికారి. ఎవరికి అప్పిస్తే కొంప మునుగుతుందో ముందే పసిగట్టడం ఆమె పని. అలాంటి మనిషి ఉన్నట్టుండి రాజీనామా ఇచ్చేసి, బాల్కనీలో కుమ్మరి చక్రం పెట్టి, టీ తాగే మట్టి గిన్నెలు చేయడం మొదలుపెట్టింది! ఆ సంతోషం చూడాలి! మోచేతుల దాకా మట్టి, నోట్లో కూనిరాగం. కింద ఆరేసిన నా చొక్కాల మీద ఎర్రమట్టి చుక్కలు పడేవి. కళను ఒంటిమీద వేసుకు తిరిగే భాగ్యం ఎందరికి దక్కుతుంది చెప్పండి?

తల్లి ఝనీల్ మాత్రం గుండెలు బాదుకుంది. బతిమాలింది, అలిగింది, చివరికి ఒక బేరం పెట్టింది.

"శనివారం నీ గిన్నెలన్నీ కింద హాల్లో పెట్టి మనవాళ్ళని పిలువు. ఈ గిన్నె నాకు కావాలి అని ఒక్క మనిషైనా అనుకుంటే ఇక నీ జోలికి రాను. లేదంటే, సోమవారం నోర్మూసుకుని బ్యాంకుకి పో. నీ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందట."

రౌషాన్ పాత అలవాటు కొద్దీ రాబోయే ప్రమాదాలన్నీ ముందే ఊహించి పెట్టుకుంది. గిన్నెలు బీటలు వారొచ్చు. వాన పడొచ్చు. ఎవరూ రాకపోవచ్చు. మేనత్త బతీమా వస్తుందన్న ప్రమాదం మాత్రం ఆమెకు తట్టనే లేదు!

అత్త వస్తూనే బల్లల వైపు చూసి ముక్కున వేలేసుకుంది. "ఇదేం అప్రదిష్టే! చుట్టాల్ని పిలిచి ఖాళీ గిన్నెలు చూపిస్తారటే?"

ఇంకేముంది? ఆడవాళ్ళంతా కొంగులు బిగించినంత పని చేశారు. ఒక గిన్నెలో వేడివేడి బౌర్సాకులు, అవేనండీ, నూనెలో పొంగిన రొట్టెముక్కలు. ఇంకోదాంట్లో ఎండుద్రాక్ష. మరోదాంట్లో మిఠాయిలు. ప్రదర్శన కాస్తా విందయిపోయింది! గిన్నెల గురించి ఎవరూ పన్నెత్తి మాట్లాడలేదు గానీ, బౌర్సాకుల్లో ఉప్పు తగ్గిందని మాత్రం అందరూ అన్నారు.

విందయ్యాక మిగిలింది తలా కాస్త ఇంటికి పట్టుకుపోవాలి కదా! దాన్నే సర్కిత్ అంటాం. వద్దంటే పిలిచినవాళ్ళని అవమానించినట్టే. తీరా చూస్తే సంచులు అయిపోయాయి.

"సంచుల్లేకపోతే ఏమైందే? గిన్నెల్తోనే పట్టుకుపోతాం!" అంది అత్త.

చూస్తుండగానే బల్లలు ఊడ్చిపెట్టినట్టయ్యాయి. రౌషాన్ గాల్లో తేలిపోయింది. "చూశావా అమ్మా! ఒక్కటీ మిగల్లేదు!"

"వాళ్ళు పట్టుకుపోయింది బౌర్సాకుల్నే. గిన్నెలు వాటి వెంట పోయాయి," అంది తల్లి.

అన్నట్టు, మా దగ్గర ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు. ఆదివారం పొద్దున్నుంచి రౌషాన్ ఇంటి తలుపు చప్పుడే చప్పుడు! శుభ్రంగా కడిగిన గిన్నెలో ఎండబెట్టిన పెరుగుండలు ఒకరు, యాపిల్ జామ్ ఒకరు, గుర్రపు మాంసం ముక్కలు ఒకరు. ఎంత మర్యాద!

"ఇదిగో తల్లీ నీ గిన్నె. మాకెందుకూ, మా ఇంట్లో మంచివున్నాయిగా, కొన్నవి!"

కొన్నవి! ఆ మాటకి రౌషాన్ ముఖం మాడిపోయింది. సాయంత్రానికి గిన్నెలన్నీ తిరిగొచ్చాయి, నీలం రంగుది ఒక్కటి తప్ప. తల్లి అప్పటికే బ్యాంకు కోటు ఇస్త్రీ చేస్తోంది.

నీలం గిన్నె కోసం అత్తకి ఫోన్ చేస్తే, "అదా? పగిలిపోయిందే," అనేసింది. ఉన్నవాటిలో అదే బాగా కుదిరిన గిన్నె. కనీసం ముక్కలైనా తెచ్చుకుందామని ఏడుపు దిగమింగుకుంటూ వెళ్ళింది రౌషాన్.

అత్త ఇంట్లో అద్దాల బీరువా ఒకటుంది. పెళ్ళినాటి క్రిస్టల్ గ్లాసులు, మామయ్య పతకాలు అందులో ఉంటాయి. ఇంతవరకు ఎవరినీ చెయ్యి పెట్టనిచ్చింది లేదు. వాటన్నిటికీ ముందు వరసలో, నీలం గిన్నె!

"అత్తా, పగిలిందన్నావు?"

"ముట్టుకోకు! ఇప్పుడు పగలగొడతావు!"

"అది చేసిందే నేను!"

"చేస్తే? ఇప్పుడది మా బీరువాలో ఉంది. అదలా ఉంచు, రేపు బ్యాంకుకి వెళ్తున్నావా లేదా?"

"లేదత్తా. నా గిన్నె ఒకరికి కావాల్సొచ్చింది."

"ఎవరే ఆ తెలివితక్కువది?" అంది అత్త, బీరువాకి తాళం వేస్తూ.

సోమవారం పొద్దున్నే నా చొక్కాల మీద మళ్ళీ ఎర్రమట్టి చుక్కలు! పైనుంచి కూనిరాగం! ఇప్పుడైనా ఒప్పుకుంటారా, చుట్టాలే కళకి దిక్కని?

ఇంతకీ ఆ గిన్నెకి అత్త ఎంతిచ్చింది అంటారా? ఛ, అవేం మాటలండీ! ఇల్లు కొనడానికి తీసుకున్న అప్పుని ఇదే అత్త, బ్యాంకులో ఇదే రౌషాన్ బల్ల ముందు కూర్చుని, నెలనెలా వడ్డీతో సహా కట్టి, పైగా థాంక్యూ చెప్పి వచ్చేది. అది వేరు. చుట్టాల్ని డబ్బులు అడగాలంటే మనకి బ్యాంకులో ఉద్యోగం ఉండాలి!