ఇద్దరు సౌలులు, ఒక కత్తెర

పదవి మీద మోజున్నవాడు దేవుడికి ఆమడ దూరం!

ఈ మాట నాది కాదు. మా ప్రార్థన మందిరం సంఘం ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం. దాన్ని ముందుగా ఎవరు ప్రతిపాదించాలన్న దాని మీద గంటన్నర కొట్లాట జరిగిన మాట నిజమే గాని, కార్యదర్శి హోదాలో నేను ఆ సంగతి మినిట్సు పుస్తకంలో రాయలేదు. వృత్తిరీత్యా నేను టైలర్ని. చిరుగులు పైకి కనబడకుండా కుట్టడం నాకు కొట్టిన పిండి. పదవులంటారా, నాకీ కార్యదర్శి పదవే బరువు.

మా సంఘం అధ్యక్షుడు కాలం చేసి నాలుగు నెలలైంది. వేదిక మీద ఆయన చేతుల కుర్చీ ఖాళీగా ఉంది. దానికి ఇద్దరు పోటీ. ఒకరు రిటైరైన హెడ్మాస్టరు. రెండోవారు ఆయన బావమరిది, సిమెంటు వ్యాపారి. పక్కపక్క ఇళ్ళు, మధ్యన గోడ ఒక్కటే. చనిపోయిన అధ్యక్షుడి సంతాప సభకి అధ్యక్షత ఎవరు వహించాలన్న దగ్గర మాటా మాటా పెరిగి, ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకే బల్ల దగ్గర కూర్చున్నా, చెప్పాల్సింది నాతో చెబుతారు. నేను తల అటు తిప్పి మళ్ళీ చెబుతాను. మెడ నొప్పికి మందు మాత్రం నా ఖర్చే!

నలిగిపోయింది హెడ్మాస్టరు గారి భార్య. తమ్ముడి మనవరాలు పుట్టి మూడు నెలలైంది. గోడ అవతల ఏడుపు వినడమే తప్ప ఒక్కసారి ఎత్తుకున్నది లేదు. మొగుడు వెళ్ళొద్దంటాడు, తమ్ముడు రమ్మనడు. ఒకరోజు నా కొట్టుకి వచ్చి, పసిపిల్లకి గౌను కుట్టమని గుడ్డ ఇచ్చింది.

"కొలత ఏదమ్మా?" అన్నాను.

"ఏడుపు గట్టిగానే వినబడుతోంది. బొద్దుగానే ఉండుంటుంది. కాస్త వదులుగా కుట్టు నాయనా," అంది.

కుట్టుకూలి వద్దన్నాను. వెటకారం కాదు, నిజంగానే.

పాస్టరు గారికి ఒక ఉపాయం తట్టింది. ఎన్నిక రోజున ముందుగా సౌలు, దావీదుల ఘట్టం నాటకం వేయించాలన్నారు. సౌలు రాజు. తన తర్వాత దావీదు రాజవుతాడన్న కుళ్ళుతో సైన్యాన్ని వేసుకుని అతన్ని కొండలెంట తరుముతాడు. ఒకనాడు సౌలు ఒంటరిగా ఒక గుహలోకి వస్తాడు. దావీదు దాక్కున్నది అందులోనే! చంపగలిగీ చంపడు. అంగీ అంచు ఒక ముక్క కోసుకుని, తర్వాత దాన్ని చూపించి, "నిన్ను వదిలేశాను, చూడు" అంటాడు. సౌలు బావురుమంటాడు.

"వాళ్ళిద్దరి చేతే వేయించు. పాఠం వంటబడుతుంది," అన్నారు పాస్టరు గారు, బరువు నా నెత్తిన పెట్టి.

ఇద్దరినీ కూర్చోబెట్టాను.

"దావీదు వేషం నాదే," అన్నారు హెడ్మాస్టరు. "అణకువలో నన్ను మించినవాడు ఈ సంఘంలో ఉంటే చూపించు!"

"సౌలు వేషం ఆయనకి పుట్టుకతోనే వచ్చిందని చెప్పు టైలరూ. దావీదుని నేను," అన్నాడు సిమెంటాయన.

గొడవెందుకని దుస్తుల జాబితా చదివాను. సౌలుకి జరీ అంగీ, కిరీటం, ఆసనంగా అధ్యక్షుడి కుర్చీ. దావీదుకి గోనె చొక్కా, నాటకమంతా అట్టగుహలో గొంతుక్కూర్చోవడం.

ఇద్దరూ జాబితాలోకి తొంగి చూశారు.

"ఆలోచిస్తే..." హెడ్మాస్టరు దగ్గారు. "సౌలు పాత్రకే అనుభవం కావాలి."

"పాపిగా నటించడానికే ఎక్కువ అణకువ కావాలి టైలరూ!" అని సిమెంటాయన లేచి నిలబడ్డాడు.

ఎవరూ తగ్గలేదు. నేను నిష్పక్షపాతిని గనక ఇద్దరికీ విడివిడిగా "సరేనండి" అన్నాను. రెండు అంగీలు కుట్టాను. కిరీటం మాత్రం ఒకటే. తల కొలత అడిగితే ఎవరికి వారు "ఆయన తల కంటే పెద్దది పెట్టు" అన్నారు. ఏదో ఒక కొలతకి చేసేశాను. దావీదుకి మనిషి దొరకలేదు.

ఆ రోజు మందిరం కిటకిటలాడింది. సిమెంటాయన కోడలు పాపని మొదటిసారి తీసుకొచ్చింది. తెర లేచింది. అటు నుంచి ఒక సౌలు, ఇటు నుంచి ఒక సౌలు! చెరో వైపు నుంచి కుర్చీ చేతులు పట్టుకున్నారు. కిరీటం హెడ్మాస్టరు పెట్టుకుంటే ముక్కు దాకా జారింది. సిమెంటాయన లాక్కుని పెట్టుకుంటే నెత్తి మీద మూతలా నిలబడింది. గుహలో ఎవరూ లేరు.

"బావా, చెయ్యి తియ్యి!"

"నువ్వే తియ్యరా!"

జనం చప్పట్లు కొట్టారు. నాలుగు నెలల తర్వాత మాట్లాడుకున్నారు మరి!

అప్పుడు లేచింది హెడ్మాస్టరు గారి భార్య. దావీదు లేక నా చేతిలోనే మిగిలిన కత్తెర అందుకుని, వేదిక ఎక్కి, ఇద్దరి వెనక్కీ వెళ్ళింది. కచకచమని రెండు కోతలు! జరీ ముక్కలు రెండూ పైకెత్తింది.

"చూశారా? చేతిలో కత్తెర ఉంది, ఎదురుగా ఇద్దరూ ఉన్నారు. అంచుతో వదిలేశాను. ఇక చాలు. ఏదీ, నా మనవరాలిని ఇలా ఇవ్వండి!"

కోడలు పరుగున వచ్చి పాపని చేతిలో పెట్టింది. కూర్చోవడానికి ఆ ఒక్క కుర్చీయే ఉంది, ఆమె అందులోనే కూర్చుంది. సంచిలోంచి గౌను తీసి తొడిగింది. సరిగ్గా సరిపోయింది! నా కళ్ళు చెమర్చాయి. సిమెంటాయన కిరీటం తీసి కింద పెట్టి, "అక్కా, మెడ కింద చెయ్యి పెట్టి పట్టుకో," అన్నాడు. హెడ్మాస్టరు కళ్ళజోడు తుడుచుకున్నారు.

సంఘం ఆమెనే అధ్యక్షురాలిగా ఎన్నుకుంది. ఈసారి ప్రతిపాదనకి అర నిమిషం కూడా పట్టలేదు.

అందరూ టీకి బయటికి వెళ్ళారు. దుస్తులు సర్దడానికి నేనొక్కణ్ణే మిగిలాను. కాళ్ళు లాగుతుంటే కాసేపు కుర్చీలో కూర్చున్నాను. కిరీటం నలిగిందేమోనని తల మీద పెట్టి చూశాను. అతికినట్టు సరిపోయింది!

"టైలరూ!"

అధ్యక్షురాలు గుమ్మంలో నిలబడి ఉంది, పాప పాలసీసా కోసం వచ్చిందట.

"కొలత సరిచూస్తున్నానమ్మా..."

"ఎవరి తలకి కొలిచి చేశావు?"

ఆమె బల్ల మీదున్న కత్తెర అందుకుంది. నేను చొక్కా అంచు రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను.