పర్దా గుంజిన సుల్తాన్

గుండయ్య దున్నపోతు ఢిల్లీకి పోతోందనీ, అక్కడ పెద్దమనుషులందరి ముందూ పర్దా గుంజుతుందనీ నల్లా దగ్గర రాహేలు చెప్పిందట. దాని కోసం రైలుకు వేరే డబ్బా తగిలిస్తున్నారని లీలమ్మ కలిపిందట. పర్దా గుంజాక దండ వేస్తారా, గడ్డి వేస్తారా అని ఎవరో అడిగితే, ఢిల్లీవాళ్లు కదా, రెండూ వేస్తారని తీర్మానించుకున్నారట. నెత్తి మీది బిందె దించుతూ కొమురమ్మ ఇదంతా మొగుడికి అప్పజెప్పి, "గీ ముచ్చట ఏ పనిలేనోడు పుట్టిచ్చిండో!" అంది.

పలుపు పేనుతున్న గుండయ్య తల ఎత్తలేదు. పుట్టించిన పనిలేనోడు తనే.

శాలిబండ వెనక సందులో గుండయ్యకు బర్రెల కొట్టం, దాన్ని ఆనుకుని రెండు అర్రలు ఉన్నాయి. ఒక అర్రలో అంజన్న కిరాయికి ఉంటాడు. రైలు డబ్బాల మీద నంబర్లు రాయడం అతని నౌకరీ; ఇంటికొచ్చాక బొమ్మలు వేయడం అతని పిచ్చి. ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు గుండయ్య దున్న సుల్తాన్ బొమ్మను నిలువెత్తున గీశాడు. దానికి ఏడాది పట్టింది. దాని ఫొటోనూ, అదే కొట్టంలో గీసిన ఇంకో బొమ్మ ఫొటోనూ ఒకే కవరులో పెట్టి ఢిల్లీలోని జాతీయ చిత్రకళా పీఠానికి పంపాడు. బొమ్మ ఎంపికైందనీ, తీసుకుపోవడానికి విమలాదేవి అనే ఆవిడ మంగళవారం వస్తోందనీ టెలిగ్రాం వచ్చింది. ఏ బొమ్మ అన్నది అందులో లేదు. అడగాలని అంజన్నకూ తోచలేదు. ఏడాది కష్టమెక్కడ, ఒక్క పొద్దులో గీకింది ఎక్కడ!

గుండయ్యకు ఏ సంగతైనా అడుగంటా తెలుసుకుంటే గాని బువ్వ సయించదు. టెలిగ్రాం వచ్చిన సాయంత్రమే అంజన్న అర్రలో చతికిలబడ్డాడు.

"అసలేందిర తమ్మీ గా పీఠం? మఠమా, బడా, దుకాణమా?"

"మూడూ గాదన్నా. స్వరాజ్యం వచ్చినంక రాజులు, నవాబులు పోయిన్రు గద. ఇగ బొమ్మలేసేటోళ్లకు దిక్కెవలని సర్కారే పెట్టింది." అంజన్న దిండు కింది నుంచి ఆ పీఠం చరిత్ర పుస్తకం తీశాడు. "ఏటేటా దేశంల బొమ్మలన్నీ ఒక్కకాడ జేరుతయి. ఎంచేటోళ్లు గూడ బొమ్మలేసేటోళ్లే. గీసిందెవలో తెల్వకుంట పేరు మీద కాయితం అతికిస్తరు."

"పేరు తెల్వకుంటనా!" గుండయ్య తొడ చరిచాడు. "మన సదర్‌ల గట్ల జేస్తే నా బామ్మర్ది దున్న ఎన్నడన్న ముందు నడుస్తుండెనా?"

గుండయ్య కడుపులోని పుండు అదే. దీపావళి వెళ్లాక దున్నలకు నూనె పూసి, గవ్వల పట్టీలు కట్టి ఊరేగించే పండుగ సదర్. మంది నడుమ ముందరి కాళ్లెత్తి నిలబడ్డ దున్నకే అందరికన్నా ముందు నడిచే మర్యాద. బామ్మర్ది ఎల్లయ్య దున్న ఏటా నిలబడేది. సుల్తాన్ పోయినేడు కాళ్లెత్తకపోగా నడిబజారులో పడుకుని నెమరు వేసింది. ఆనాటి నుంచి గుండయ్య పెళ్లికి పోయినా, చావుకు పోయినా, "మీ సుల్తాన్ లేచిందా?" అన్నదే పలకరింపు.

అంజన్న పుట తిప్పాడు. "ఇంకో రివాజు ఇను. పీఠం పెట్టిన మొదటేడు బొమ్మ మీద పర్దా తీస్తనన్న మంత్రి రానేలేదట. ఎండల నిలవడ్డ మంది లొల్లి జేసిన్రట. బొమ్మల ఉన్న కుమ్మరి ముసలాయన ఆడనే ఉంటే, ఆయనతోనే గుంజిపిచ్చిన్రు. గప్పటిసంది బొమ్మల ఉన్నోళ్లు బతికుంటే పర్దా గుంజేది ఆళ్లే."

"మరి మన బొమ్మల ఉన్నది సుల్తానాయె."

"గట్లయితే దాన్నే తోల్కపోవాలె!" అని అంజన్న పకపకా నవ్వాడు.

గుండయ్య నవ్వలేదు. సుల్తాన్ బతికే ఉంది కదా.

తెల్లవారి గుండయ్య, కులపెద్ద మైసయ్య అరుగు మీద పంచాయితీ పెట్టించాడు. ఢిల్లీ పిలిచిన దున్నను సదర్‌లో వెనక నడిపించడం న్యాయమేనా అన్నది ప్రశ్న. మైసయ్య చుట్ట రెండు సార్లు ఆర్పి వెలిగించాడు.

"ఢిల్లామె వచ్చి మా ముంగట అవునంటే ఈ ఏడు నీ దున్నే ముందు. కాదంటే మల్ల నువ్వు సదర్ ముచ్చట ఎత్తొద్దు, మేం ఇనొద్దు."

"టేషన్ దాంక అది నడుస్తదా బావా," అన్నాడు ఎల్లయ్య, "లేకుంటే బండి మీద పండవెట్టుకపోతవా?"

ఆ మాటతో గుండయ్యకు పంతం పట్టింది; ఢిల్లీ దాకా సుల్తాన్ వెంట తనే పోతానని పెళ్లానికి చెప్పాడు. కొమురమ్మ పాత చీర ఒకటి కొట్టం గుమ్మానికి వేలాడదీసి, దాని వెనక గంపెడు పల్లిచెక్క పెట్టాడు. పుట్టిన నాటి నుంచి ఎవరి మాటా వినని సుల్తాన్ ఈ చదువు మాత్రం వారం తిరగకముందే వంటబట్టించుకుంది. కొమ్ముకు బట్ట తగిలించి ఒక్క గుంజు గుంజడం, మూతి లోపలికి పెట్టడం. బట్ట వేలాడితే దాని వెనక తిండి ఉంటుందని దానికి తెలిసిపోయింది. వేలాడే ప్రతి బట్ట వెనకా ఉండదని చెప్పే ఉపాయం గుండయ్యకు దొరకలేదు.

ఆదివారం నీళ్లకు తోలుకుపోతుంటే సుల్తాన్ రాహేలు ఇంటి పక్క గోనెపట్టాను గుంజింది. దాని వెనక ఆమె మొగుడు కృష్ణయ్య ఒళ్లంతా సబ్బుతో పీట మీద కూర్చుని ఉన్నాడు.

"ఓ గుండన్నా! నన్ను గూడ ఢిల్లోళ్లకు జూపిస్తవా ఏంది?" అని చెంబు అడ్డం పెట్టుకుని అరిచాడు.

గుండయ్య ఆ కేకలు వినలేదు. ఇంటికొచ్చి పెళ్లాంతో, "ఒక్క గుంజుకే ఊడొచ్చింది కొమురీ!" అన్నాడు.

"ఆయన మానం పాయె, నీకు సంబురమాయె" అంది కొమురమ్మ.

మంగళవారం పొద్దున సుల్తాన్ ఒళ్లు నూనెతో నిగనిగలాడింది. మెడలో బంతిపూలు, కాళ్లకు గవ్వలు, నెత్తి మీద నెమలీకలు. వాకిట్లో మర్ఫా డప్పులు చూసి, స్టేషనుకు బయలుదేరుతున్న అంజన్న సైకిలు దిగాడు.

"అన్నా, నేను నవ్వులాటకన్న. పశువును ఎవలన్న పిలుస్తరా?"

"పశువు వద్దని నీ బుక్కుల ఉన్నదా?"

అంజన్న ఆలోచించాడు. "లేదు."

"లేదు గద! మేం పత్తర్‌గట్టి కాడ ఎదురుకుంటం. నువ్వు ఆమెను ఇంత నిమ్మళంగ తోల్కరా."

ఊరేగింపు చార్మినార్ దాటేదాకా బాగానే నడిచింది. ముందు డప్పులు, వెనక మైసయ్య, అతని వెనక నవ్వు ఆపుకుంటూ ఎల్లయ్య. పత్తర్‌గట్టి చేరాక సుల్తాన్ నిలబడిపోయింది. వీధి పొడుగునా బట్టల దుకాణాలు. ప్రతి దుకాణం ముందూ చీరలు, ఓణీలు, పూల చీటీగుడ్డలు వేలాడుతున్నాయి. అన్ని పర్దాలు ఒక్కచోట అది కలలో కూడా చూసి ఉండదు.

మొదటి గుంజు హబీబ్ భాయ్ దుకాణానికి తగిలింది. ఓణీల వరుస ఊడొచ్చింది. వెనక పల్లిచెక్క లేదు. రెండో గుంజుకు చీటీగుడ్డల దండెం వచ్చింది. అక్కడా లేదు. ఎక్కడో దాచారని సుల్తాన్‌కు అనుమానం వచ్చి, ఎండకు కట్టిన పెద్ద పట్టానే గుంజింది. దున్న ఆడుతోందనుకుని డప్పులవాళ్లు దరువు పెంచారు.

"అరే గుండయ్య భాయ్! నా దుకాణంల దానికి దావత్ ఉన్నదని చెప్పినవా? పకడో ఉస్‌కో!" అని హబీబ్ భాయ్ పట్టా కింది నుంచి అరిచాడు.

గుండయ్య పలుపు పట్టుకుని వేలాడుతూనే ఉన్నాడు. కొమ్ముల మీద గులాబీ రంగు గుడ్డ తాను ఒకటి ఈడ్చుకుంటూ సుల్తాన్ పక్క దుకాణం మీదికి తిరిగే సమయానికి, మదీనా వైపు నుంచి ఒక రిక్షా వచ్చింది. ఎండకు దాని చుట్టూ పర్దా కట్టి ఉంది. వెనక సైకిలు మీద అంజన్న రెండు చేతులూ వదిలి, వద్దు వద్దని ఊపుతున్నాడు.

ఒక్క గుంజుకే ఊడొచ్చింది. లోపల కళ్లద్దాల ఆవిడ, ఒళ్లో సగం వలిచిన కమలాపండుతో నోరు తెరుచుకుని కూర్చుని ఉంది. ఇంత బజారు వెతికాక ఒక పర్దా వెనక తిండి దొరికింది. సుల్తాన్ కమలాపండు తిని తల ఊపింది.

గుండయ్య చెప్పులు వదిలి దండం పెట్టాడు. "నమస్తేనమ్మా! జూసిన్రు గద, ఎంత సాఫ్‌గ గుంజిందో. ఇదే ఆ దున్న."

విమలాదేవి కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఏ దున్న?"

డప్పులు ఆగిపోయాయి.

హబీబ్ భాయ్‌ను అందరూ కలిసి బతిమాలి, దుకాణం మళ్లీ కట్టి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సందు సందంతా కొట్టం ముందు చేరింది. సుల్తాన్ బొమ్మ ముందు విమలాదేవి చాలాసేపు నిలబడింది. మైసయ్య చుట్ట వెలిగించడం మరిచిపోయాడు.

"చాలా శ్రద్ధగా వేశారు. కానీ మేం ఎంచుకున్నది ఇది కాదండీ. రెండోది ఉండాలి."

అంజన్న బియ్యం బస్తా వెనక నుంచి, దుమ్ము దులుపుకుంటూ రెండో బొమ్మ తీసుకొచ్చాడు. అందులో, ఇంకా తెల్లవారని చీకట్లో కొమురమ్మ పాలు పిండుతోంది. నొసలు బర్రె డొక్కకు ఆనించి, చేతులు పనిలో ఉండగానే కళ్లు మూసుకుని ఉంది.

"ఇదే! దీని దగ్గర నుంచి మావాళ్లెవరూ కదల్లేకపోయారు." విమలాదేవి బొమ్మనూ, గుమ్మంలో పేడగంపతో నిలబడ్డ కొమురమ్మనూ మార్చి మార్చి చూసింది. "మీరేనా? అయితే ఆనవాయితీ ప్రకారం ఢిల్లీ వచ్చి తెర తీయాల్సింది మీరేనమ్మా. రానుపోను, అక్కడ ఉండడం అంతా మేమే చూసుకుంటాం. ఒక వారం."

కొమురమ్మ గంప దించింది. "నేనొచ్చేదాంక ఆడ నా బొమ్మను ఎవ్వలు చూడరా?"

"మీరు తెర తీసేదాకా ఎవరూ చూడరు."

"ఎట్లుంటదో చూడాలె మరి. వస్త."

"మా అక్క!" ఎల్లయ్య గొంతు సందు చివరిదాకా పోయింది. "ఢిల్లీకి పోయేది మా ఇంటి ఆడబిడ్డ! ఇన్నరా?"

"ఇన్నం" అన్నాడు మైసయ్య. "ఇగ సదర్‌ల ముందు నడిచేది ఎల్లయ్య దున్నే."

గుండయ్య సుల్తాన్‌ను కట్టేశాడు. అందరి కళ్లూ తన మీదే ఉన్నాయి. ఏదో ఒకటి అనకపోతే బతకలేననిపించింది.

"మరి నువ్వు వారం రోజులు పోతే పాలెవలు పిండుతరే?"

కొమురమ్మ మొగుడి వైపు తిరిగింది.

"నువ్వు దున్న ఎంబడి ఢిల్లీకి పోతనన్ననాడు కొట్టమెవలు జూస్తరని నేనడిగిన్నా?"