మాతృభక్తికి పన్ను మినహాయింపు

ఈ కాలం కొడుకులకి అమ్మ మీద ప్రేమ లేదని ఎవరండీ అన్నది? పన్ను రిటర్నులు వేసే నెలలో ఒక్కసారి మా మావయ్య ఇంటికి వచ్చి చూడండి! కన్నతల్లి మీద ప్రేమ కట్టలు తెంచుకుని పారుతూ ఉంటుంది. ఆదాయపు పన్నే గనక లేకపోతే మన కుటుంబ వ్యవస్థ ఏనాడో కుప్పకూలేదని నా నిశ్చితాభిప్రాయం.

మావయ్యంటే మా అమ్మకి తమ్ముడు. ఆఫీసులోనూ వీధిలోనూ అందరూ ఆయన్ని మినహాయింపు మావయ్య అనే పిలుస్తారు. ఏ పనీ ఊరికే చెయ్యడు. నవ్వినా సరే, అది ఏ సెక్షను కిందకి వస్తుందో చూసుకునే నవ్వుతాడు. ఒకసారి అత్తయ్య మెట్ల మీద జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంటే, "పోయిన నెల్లో పడుంటే పోయిన ఏడాది లెక్కలో కలిపేసేవాణ్ణి కదే!" అని ఎంత బాధపడ్డాడో! అంతటి ముందుచూపు మీకుందా? నాకైతే లేదు.

ఇక అమ్మమ్మ సంగతి. ఇల్లు ఆవిడది. తాతయ్య పోయేముందు ఆవిడ పేరున రాసిచ్చాడు. కొడుకూ కోడలూ అందులోనే ఉంటారు. అమ్మ ఇంట్లో ఊరికే ఉంటే ఏం లాభం? అదే అమ్మకి అద్దె కడితే పన్ను తగ్గుతుంది! అందుకని మావయ్య నెలనెలా ఆవిడ ఖాతాలో అద్దె వేస్తాడు. వేసింది ముట్టుకోడు. పెద్దవాళ్ళకి వడ్డీ మీద కూడా పన్ను తక్కువ మరి! ఖాతా అమ్మమ్మది, పాస్‌బుక్కు మావయ్య బీరువాలోది, బీరువా తాళం మావయ్య జేబులోది. ఇంతకన్నా భద్రత ఏ తల్లికి దొరుకుతుంది?

అమ్మమ్మకి చెవులు వినబడవు. టీవీలో బొమ్మలు చూసి కథ తనే అల్లుకుంటుంది. నేను ఫోను చేస్తే "ఆ... ఆ..." అని, ఫోను అత్తయ్య చేతిలో పెట్టేసి పక్క గదిలోకి వెళ్ళిపోతుంది. చెవి మిషను కొనిపెట్టరా అని కొడుకుని అడిగీ అడిగీ ఊరుకుంది. "మిషనుకి మినహాయింపు రాదమ్మా. పెద్ద ఆపరేషనైతే వస్తుంది. కాస్త ఓపిక పట్టు!" అని మావయ్య కాగితం మీద రాసి మరీ చూపించాడు. ఎంత ఓర్పు!

ఇంతలో పన్నుల ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. అద్దె నిజంగానే కడుతున్నారా? ఇంటి ఓనరు స్వయంగా వచ్చి చెప్పాలట. మావయ్య అమ్మమ్మ చెవి దగ్గర నోరు పెట్టి, "ఆ డబ్బంతా నాదేనని చెప్పమ్మా! నా ఇష్టమొచ్చినట్టు ఖర్చు పెట్టుకుంటానని చెప్పు!" అని గొంతు చించుకున్నాడు. ఆవిడకి ఎంత వినబడిందో తెలియదుగాని, వంటింట్లో ఉన్న అత్తయ్యకి శుభ్రంగా వినబడింది.

ఆఫీసరు ముందు అమ్మమ్మ తల ఊపింది. క్లెయిము గట్టెక్కింది. మావయ్య సంబరపడుతూ అటునుంచటే ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. అత్తయ్య మాత్రం అత్తగారి చెయ్యి పట్టుకుని తిన్నగా బ్యాంకుకి తీసుకెళ్ళింది.

"పాస్‌బుక్కు తేలేదా? ఫరవాలేదు, ఖాతా మీదే కదమ్మా! ఎంత కావాలి?" అన్నాడు కౌంటరులో గుమాస్తా. అత్తయ్య ఆ మాట పెద్దక్షరాలతో రాసి చూపించింది. నీకేం కావాలని అమ్మమ్మని ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో! పాపం, ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

సాయంత్రం మావయ్య వచ్చేసరికి అమ్మమ్మ రెండు చెవులకీ మిషన్లున్నాయి. "నా డబ్బు! నాకు చెప్పకుండా నా డబ్బు తీస్తారా!" అని ఇంటి కప్పు లేచిపోయేలా అరిచాడు.

"అరవకురా, వినబడుతోంది," అంది అమ్మమ్మ. "ఒకటో తారీఖు దాటిపోయింది. ఈ నెల అద్దె ఇంకా పడలేదని బ్యాంకతను చెప్పాడు. ఎప్పుడేస్తావు?"

మావయ్య తల పట్టుకుని కూలబడ్డాడు. ఆయన పరిస్థితి చూసి చెబుతున్నాను, కొడుకులారా, పన్ను నోరు మూసుకుని కట్టెయ్యండి! ప్రభుత్వానికి పోయిన డబ్బుకైతే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకోవచ్చు. అమ్మ పేరున వేసిన డబ్బు నిజంగా అమ్మకే పోతే, ఆ కడుపుకోత ఏ కొడుకు తట్టుకోగలడు చెప్పండి!