నడుముకు కట్టుకున్న అదృష్టం

ఇన్సులిన్ పంపు లేని ఇల్లాళ్లను చూస్తే ఈమధ్య నాకు జాలేస్తోంది. వాళ్ల మంచిచెడ్డలు కనిపెట్టుకుని ఉండే దిక్కేది, పాపం?

నాకుంది. అగ్గిపెట్టెకు పెద్దక్కలా ఉంటుంది. నడుముకు వేలాడుతూ, సన్నని గొట్టంలోంచి రోజంతా చుక్కచుక్కగా నా పొట్టలోకి మందు పంపిస్తుంది. ఆ గొట్టం తలుపు గడియలకూ సొరుగు పిడులకూ తగులుకుని నన్ను వెనక్కి లాగుతుంది. విసుక్కోను. పెళ్లయ్యాక నన్ను కాస్త ఆగమన్న మొదటి ప్రాణి అదే మరి.

తెలివీ ఎక్కువే. నా షుగర్ ఎంతుందో ఎప్పటికప్పుడు మావారి ఫోన్‌కి చేరవేస్తుంది. పూర్వం నాకు కోపమొస్తే ఆయన కారణం వెతుక్కోవలసి వచ్చేది. ఇప్పుడా శ్రమ తప్పింది. "తడి తువ్వాలు మంచం మీద వేయొద్దని ఎన్నిసార్లు చెప్పాలండీ?" అంటానా, ఫోన్ చూసుకుని, "షుగర్ పడుతున్నట్టుందోయ్, ఓ బిస్కెట్ తిను" అంటారు. తువ్వాలు మంచం మీదే ఉంటుంది. బిస్కెట్ నా నోట్లో ఉంటుంది. కాపురంలో ఇంత ప్రశాంతత ఎక్కడైనా చూశారా?

అయితే దానికో అత్తగారి పట్టింపు ఉంది. ఎంత తినబోతున్నానో చెప్పి మీట నొక్కాలి. నొక్కాక తినితీరాలి. మందు వెళ్లి ముద్ద వెళ్లకపోతే షుగర్ పడిపోతుందని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది.

కొత్తలో ఓ మధ్యాహ్నం మీట నొక్కి కంచం ముందు కూర్చున్నానో లేదో, అత్తగారు "అమ్మాయ్, కాసిని మంచినీళ్లు" అన్నారు. "అమ్మా, ఉప్పు" అంది మా అమ్మాయి. అరగంట ఇలా తిరిగాక, మావారికి మారు కూర. అది వడ్డించి వెనక్కి తిరిగేసరికి ఒళ్లంతా చెమటలు, చేతుల్లో వణుకు. గరిట కింద పడింది. పంపు కుయ్యోమని మొత్తుకుంది.

ఇల్లు కదిలింది.

"ముందా గోల ఆపవే, టీవీ వినబడి చావట్లేదు" అన్నారు అత్తగారు. అమ్మాయి పరుగున పంచదార నీళ్లు తెచ్చి తాగించింది. మావారు మాత్రం ప్రేమగా మందలించారు. "తినకుండా అలా తిరుగుతావేమిటోయ్?" ఆయన కంచంలో నేనప్పుడే వేసిన కూర ఇంకా పొగలు కక్కుతోంది.

అప్పటినుంచి మా ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. నేను "నొక్కేశాను" అంటే చాలు, ఎవరి నీళ్లు వాళ్లవే. గరిటలు ఏ సొరుగులో ఉంటాయో మావారు కనిపెట్టారు. నిన్నైతే అత్తగారు, "లేవకే తల్లీ, నీ మిషను మళ్లీ ఏడుస్తుంది" అంటూ నాకే వడ్డించారు.

చూశారా సైన్సు మహిమ! నాకు ఆకలేస్తోందని ఇన్నేళ్లుగా నేనంటే వినబడని చెవులకు, ఓ డబ్బా కుయ్యిమంటే వినబడింది.

ఒక్క సంగతి మాత్రం మీలోనే ఉంచుకోండి. నేను "నొక్కేశాను" అనేది కంచం ముందు కూర్చోగానే. నిజంగా నొక్కేది, అందరూ తమకు తాము వడ్డించుకుని సర్దుకున్నాక. ఈలోపు మందూ లేదు, ప్రమాదమూ లేదు. నిక్షేపంగా లేవొచ్చు.

లేవను.