రాని బంతిని ఆపినవాడు

ఒక పెద్ద అడవిలో నీళ్ళ కోసం కొట్టుకు చావడం మానేసి, ఇకమీదట ఆట ఆడి తేల్చుకుందామని వాగుకి రెండు ఒడ్ల జంతువులూ ఒప్పందం చేసుకున్నాయి. వాగు ఎండినా ఎండని మడుగు అక్కడ ఒక్కటే ఉంది. ఏడాదిలో పది ఆటలు సరదాకి, పదకొండోది మడుగుకి. గెలిచిన ఒడ్డు వేసవంతా ముందు తాగుతుంది. ఓడిన ఒడ్డు తరవాత తాగుతుంది, అంటే బురద తాగుతుంది.

ఆట సులువే. ఎండిన వెలగకాయ చుట్టూ తుంగతాడు అల్లి బంతి చేస్తారు. ఒకడు విసురుతాడు. వాడి జట్టువాడు పరుగెత్తి దాన్ని నోట కరుచుకుని అవతలి గీత దాటాలి. దాటనివ్వకుండా రెండు మూలల్లో ఇద్దరు కాపలా ఉంటారు. వాళ్ళని మూలకాపులంటారు.

మొదట్లో ఇవతలి ఒడ్డు తరఫున బంతి విసిరేది ఏనుగు. ఒక ముఖ్యమైన ఆటలో, ఇక విసరబోతూ, అలవాటు కొద్దీ మింగేసింది. కరి మింగిన వెలగపండు సంగతి తెలిసిందే. మర్నాడు బంతి చెక్కుచెదరకుండా దొరికింది గాని ఎవరూ ముట్టుకోలేదు. ఇంత తప్పు చేసినవాణ్ణి ఆటలో ఉంచితే బాగుండదని ఏనుగుని ఆటల మండలికి అధ్యక్షుణ్ణి చేశారు.

ఇవతలి ఒడ్డుకి ఎడమ మూలకాపు ముంగిస నూకరాజు. పదకొండేళ్ళుగా ఆ మూల అతనిదే. ఆ మూల తప్ప అతనికి వేరే ప్రపంచం లేదు.

మూలకాపు బతుకు ఎలాంటిదంటే, ఎదుటివాడు ముందుకి పరుగెత్తుతుంటే వీడు వెనక్కి పరుగెత్తాలి. ఎటు పోవాలో వాడికి తెలుసు, వీడికి తెలీదు. అయినా ఇద్దరూ ఒకేసారి చేరాలి. తొంభైతొమ్మిది సార్లు చేరితే ఎవరూ చూడరు. నూరోసారి అడుగు తప్పితే పొదల్లో పిల్లలకి పాలిస్తున్నవాళ్ళు కూడా లేచొచ్చి చూస్తారు.

నూకరాజుకి ఈ విద్య నేర్పింది ముసలి తాబేలు. "ఒరే, ఎదుటివాడి కళ్ళు చూడకు. కళ్ళు అబద్ధాలాడతాయి. నడుము చూడు. ఎంత దగాకోరు నడుమైనా ఎటు తిరిగితే అటే పోవాలి" అనేది మొదటి పాఠం. "ఓడిన బంతిని అక్కడే పాతిపెట్టి మరిచిపో. మోసుకు తిరిగితే తరవాతి బంతికి కాళ్ళు లేవవు" అనేది రెండోది.

నూకరాజు గురువు చెప్పింది చెప్పినట్టు చేసే రకం. ఎప్పుడైనా బంతి తనని దాటిపోతే వెనక కాళ్ళతో చిన్న గుంత తవ్వేవాడు. అందులో ఏమీ వేయకుండా మట్టి కప్పేవాడు. తిరిగి నిలబడేసరికి ఆ బంతి సంగతి నిజంగానే గుర్తుండేది కాదు.

మూడేళ్ళ కిందట అవతలి ఒడ్డు లేడి పైడమ్మ అతన్ని ఒక్కసారి దాటింది. ఆ ఏడాది ఉడుతల పెళ్ళిళ్ళలో కూడా అదే ముచ్చట. నూకరాజు మాత్రం గుంత తవ్వి, కప్పి, తరవాత వచ్చిన పదిహేడు బంతులూ వరసపెట్టి ఆపాడు. అప్పటినుంచి అవతలి ఒడ్డున బంతి విసిరే కొండముచ్చు ఎడమ మూల వైపు చూడడమే మానేసింది. రెండేళ్ళుగా అటు ఒక్క బంతీ రాలేదు.

బంతులన్నీ కుడి మూలకే పోయేవి. అక్కడ మూలకాపు కుందేలు దాలినాయుడు. నలభై బంతులు వస్తే ఇరవై వదిలేసేవాడు, ఇరవై ఆపేవాడు, ఆపిన ప్రతిసారీ గాల్లో మూడు పల్టీలు కొట్టేవాడు. వదిలిన ఇరవైతోనూ నష్టం ఉండేది కాదు. ఆ వైపు బంతి అందుకునేది ఒక అడవిపంది. అది గీత దాకా పోకుండా మధ్యలో దుంపలు కనిపించగానే ఆగిపోయేది. ఇవతలి ఒడ్డు ఏటా గెలిచేది. జనమంతా దాలినాయుడి వల్లే అనుకునేవారు. ఎడమ మూలన కూర్చుని చూసేది తాబేలు ఒక్కడే.

ఆ ఏడు ఏడో ఆట అయ్యాక, మండలి కార్యదర్శి నక్క వ్యాఘ్రేశ్వరరావుకి పనితీరు సమీక్ష జరపాలని బుద్ధి పుట్టింది. నూకరాజుని పిలిపించి మోదుగాకు మీద రాసుకొచ్చింది చదివాడు.

"ఎడమ మూల. రెండేళ్ళలో వచ్చిన బంతులు సున్నా. ఆపినవి సున్నా. పరుగు చాలా ఉంది. అయితే అంతా వెనక్కి."

"మూలకాపు వెనక్కే పరుగెత్తాలండి" అన్నాడు నూకరాజు.

"వెనక్కి పరుగెత్తడం పురోగతి కిందికి రాదు. పద్దులో గడి లేదు."

"నేనున్నానని భయపడి అటు వెయ్యడం లేదండి. రాకుండా ఆపుతున్నట్టే కదా."

"రాని బంతిని ఆపినట్టు రుజువేమిటి?"

నూకరాజు ముందరి కాలెత్తి తన మూల నేల చూపించాడు.

"ఇంకో విషయం" అన్నాడు నక్క. "ఈ మూల నేలలో చాలాచోట్ల మట్టి కదిపినట్టుంది. తవ్వించాం. గుంతల్లో ఏమీ దొరకలేదు. అంటే సాక్ష్యాలు మాయం చేశారన్నమాట."

అధ్యక్షులవారు తొండం ఊపుతూ తీర్పు చెప్పారు. "చూడు నూకరాజూ, నీ స్థానంలో ఒక మద్దిమొద్దు పాతితే అది కూడా సున్నాయే ఆపుతుంది. పైగా నీళ్ళడగదు. వచ్చే ఆటలో కనీసం అయిదు బంతులు ఆపి చూపించు. లేదా మొద్దుకి మూల అప్పజెప్పు." అప్పటికే మొద్దుని దొర్లించుకొచ్చి గట్టు మీద ఉంచారు.

మర్నాటినుంచి నూకరాజు బంతిని పిలవడానికి పడని పాట్లు లేవు. సాధనకి కుంటుతూ వెళ్ళాడు. అవతలి ఒడ్డునుంచి చూస్తున్నారని తెలిసి నిలబడే కునుకు తీశాడు. కొండముచ్చు అది చూసి తనవాళ్ళతో, "వాడు కుంటుతున్నాడంటే ఇంకేదో కొత్తవిద్య నేర్చాడు, ఆ వైపు పోకండి" అంది.

చివరికి సిగ్గు విడిచి, రెండు ఒడ్లవాళ్ళూ ఉప్పుకోసం వచ్చే చవుడునేల దగ్గర పైడమ్మని కలిశాడు.

"చెల్లెమ్మా, మీ కొండముచ్చుతో చెప్పి నా వైపు అయిదు బంతులు వేయించు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

పైడమ్మ చుట్టూ చూసింది. "నా గోడెవరికి చెప్పుకోను అన్నా? మా ఒడ్డున కూడా సమీక్ష పెట్టారు. అందుకున్నవి సున్నా. నా బదులు గాడిదని పెడతారట. నువ్వు అడ్డముండబట్టి వెయ్యడం లేదంటే, సాకులు చెప్పకు అంటున్నారు."

ఇద్దరూ చెరోపక్కా ఉప్పు నాకారు. రెండేళ్ళుగా ఒకరికి ఎదురుగా ఒకరు ప్రాణం పెట్టి ఆడి, ఇద్దరూ కలిసి పనికిమాలినవాళ్ళయ్యారు.

ఒప్పందం అక్కడే కుదిరింది. నూకరాజుకి నడుం పట్టేసిందని పైడమ్మ కొండముచ్చుకి చెబుతుంది. బంతి గాల్లోకి లేవగానే ఆమె కుడిరెప్ప వేస్తే అది నూకరాజు ఆపే బంతి, ఆమె కాస్త మెల్లగా నడుస్తుంది. ఎడమరెప్ప వేస్తే ఆమె అందుకునే బంతి, ఇతను కాస్త జారతాడు. గీత మాత్రం ఎవరూ దాటకూడదు.

ఎనిమిదో ఆటలో నూకరాజు అయిదు ఆపాడు. జనం కుడివైపు నుంచి లేచి ఎడమవైపుకి వచ్చారు. నక్క మోదుగాకు మీద "మెరుగుదల కనబడుతోంది" అని రాసి, తొమ్మిదో ఆటకి లక్ష్యం పది అన్నాడు. పది ఆపాడు. పదో ఆటకి పద్ధెనిమిది అన్నాడు. పద్ధెనిమిదీ ఆపాడు, పైగా చివర్లో ఒక పల్టీ కూడా కొట్టాడు. దాలినాయుడు మొహం మాడ్చుకున్నాడు.

నిజం చెప్పాలంటే నూకరాజుకి అది బాగుంది. పదకొండేళ్ళలో మొదటిసారి జనం అతన్ని పేరు పెట్టి పిలిచారు.

తాబేలు మాత్రం మెచ్చుకోలేదు. "ఒరే, నీ కళ్ళెక్కడున్నాయిరా?"

"ఆపుతున్నాను కదా గురువుగారూ."

"ఆపడం చూశాను. నీ కళ్ళెక్కడున్నాయని అడిగాను."

నూకరాజు విననట్టు పల్టీ సాధన చేసుకోవడానికి వెళ్ళిపోయాడు.

పదకొండో ఆట ముందురోజు ఇద్దరూ మళ్ళీ చవుడునేల దగ్గర కలిశారు. "రేపటిది మడుగు ఆట. రేపు ఒప్పందాలేమీ లేవు. నిజం ఆట ఆడదాం" అన్నాడు నూకరాజు.

"అంతేగా అన్నా. మా ఒడ్డు పిల్లలు మూడేళ్ళుగా బురద తాగుతున్నారు. రేపు నిజం ఆటే" అంది పైడమ్మ.

కొండముచ్చుకి భయం పోయింది కాబట్టి మొదటినుంచీ బంతులన్నీ ఎడమ మూలకే విసిరింది. నూకరాజు ఒళ్ళు హూనం చేసుకుని ఆపాడు. పొద్దు వాలేసరికి రెండు వైపులా సమంగా ఉంది. ఒక్క బంతి మిగిలింది.

పైడమ్మ బయల్దేరింది. నూకరాజు వెనక్కి పరుగు తీశాడు. బంతి గాల్లోకి లేచింది. పైడమ్మ అతని వైపు చూసి, కుడిరెప్ప వేసింది.

మూడు ఆటలుగా ఆ రెప్ప కోసమే చూసి చూసి అతని కళ్ళు దానికే అలవాటు పడ్డాయి. నిజం ఆట అని బుర్రకి తెలుసు, కాళ్ళకి తెలీదు. తనదే బంతి అనుకుని కాళ్ళు ఆగాయి, కళ్ళు గాల్లోకి చూశాయి. పైడమ్మ మెల్లగా నడవలేదు. ఆమె నడుము ఎప్పుడో అవతలికి తిరిగింది. అటు చూసినవాడు తాబేలు ఒక్కడే.

బంతి గీత దాటింది. మడుగు పోయింది.

నూకరాజు గుంత తవ్వాడు. మట్టి కప్పాడు. కాని తిరిగి నిలబడలేకపోయాడు. ఈ బంతి గుంతలో పట్టేది కాదని అతనికి తెలిసిపోయింది.

మర్నాడే విచారణ. నూకరాజు ఎవరూ అడక్కముందే లేచి, "తప్పు నాదేనండి. ఆమె నడుము చూడాల్సింది, కళ్ళు చూశాను. నన్ను తీసేయండి" అన్నాడు.

"వినయం కూడా ఉంది. రాసుకోండి" అన్నారు అధ్యక్షులవారు.

నక్క మోదుగాకులు తిరగేశాడు. "పోయినేడు ఈ మూలలో ఆపినవి సున్నా, మడుగు మనది. ఈ ఏడు ఆపినవి అరవైనాలుగు, ఇది అడవి చరిత్రలోనే లేదు. కాబట్టి ఎడమ మూల పనితీరు అద్భుతం. ఓటమికి కారణం అవతలివాళ్ళు గెలవడమే తప్ప వేరే ఏమీ కనబడదు."

సభంతా చప్పట్లు కొట్టింది. నూకరాజు మెళ్ళో అడవిమల్లెల దండ వేసి, ఇలాంటి అనుభవజ్ఞుణ్ణి ఎండలో పరుగెత్తించడం అన్యాయమని అతన్ని మండలికి మూలల సలహాదారుగా వేశారు. ఖాళీ అయిన ఎడమ మూలలో మద్దిమొద్దుని పాతారు. ఎలాగూ దొర్లించుకొచ్చారు కదా.

వేసవి వచ్చింది. ఇవతలి ఒడ్డు జంతువులు ఎండలో బారులు తీరి, అవతలివాళ్ళు తాగడం అయ్యేదాకా నిలబడ్డాయి. సలహాదారు హోదాలో నూకరాజుని వరసలో అందరికన్నా ముందు నిలబెట్టారు. అంటే బురద మొదట అతనికే.

నీళ్ళు తాగి గట్టెక్కుతున్న పైడమ్మ అతని దగ్గర ఆగింది. ఎండిపోయిన దండ చూసి తల దించుకుంది. "ఆటలో అబద్ధం ఆడకపోతే ఇంకెక్కడ ఆడతాం అన్నా. కోపమా?"

"నీ మీద ఎందుకమ్మా కోపం" అన్నాడు నూకరాజు. "నీ నడుము అప్పుడూ నిజమే చెప్పింది."

ఆమె వెళ్ళిపోతుంటే నడుము ఎటు తిరుగుతుందో కళ్ళార్పకుండా చూశాడు. ఎడమకి తిరిగింది. ఆమె ఎడమకే వెళ్ళింది. వరస కదిలింది, నూకరాజు వంగి బురద తాగాడు.

నీతి: దొంగలు రాని ఇంటికి కాపలా దండగ, కాపలావాడికి దండ పడాలంటే దొంగతనాలు జరుగుతూ ఉండాలి.