వంగపండు రంగు వేగన్

ఆ మంగళవారం ఉదయం మహేశ్వరరావు పెట్టుకున్న పని ఒక్కటే: గేటు బందులకి నూనె వేయడం.

రాయగడలో గూడ్స్‌షెడ్డు వెనక వీధిలో ఆయన ఇల్లు. గూడ్స్ ఆఫీసులో బుకింగు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాడు. ఆ వీధిలో బీఏ పాసైనవాడు ఆయనొక్కడే కాబట్టి అందరూ బాబుగారనే పిలుస్తారు. అర్జీ రాయించుకోవలసి వచ్చినప్పుడు మరికాస్త గౌరవంగా పిలుస్తారు. భార్య గురువమ్మ పోయాక ఆయనకి మాట్లాడే మనిషి కరువైంది గాని, పలకరించే వస్తువులు పెరిగాయి. వాటిలో మొదటిది ఆ వంగపండు రంగు గేటు. గొళ్ళెం పక్కన దాని మీద ఒక వేలిముద్ర ఉంది. రంగు ఆరిందో లేదోనని గురువమ్మ నొక్కి చూసిన గుర్తు. ఆరలేదని అప్పుడే తేలిపోయింది. రోజూ పాల కోసం గేటు తీసినప్పుడు ఆయన బొటనవేలు సరిగ్గా అందులోనే కూర్చుంటుంది. పొద్దు మొదలవడానికి ఆయనకి అంత చాలు.

"ఏటి బాబుగారూ, గేటుకి తలంటు పోత్తన్నారేటి?" అంది ఎదురింటి గౌరీశ్వరి, వాకిలి చిమ్ముతూ.

"మూలుగుతోందమ్మా. వయసు మీద పడింది."

"దానికా, మీకా?"

"ఇద్దరికీ కలిపే వేస్తున్నాను."

నిజానికి ఆ వీధిలో గూడ్సు వేగన్ రంగు లేని ఇల్లు లేదు. యార్డులో వేగన్లు మరమ్మతు చేసి రంగు వేసే రోజుల్లో, డబ్బా అడుగున మిగిలినది పారబోయమనేవారు. పారబోయడానికి చేతులు రాక మనుషులు ఇళ్ళకి తెచ్చుకునేవారు. గేట్లు, పీటలు, కోళ్ళగూళ్ళు, అన్నీ ఒకే ఇటుక రంగు. కొత్తవాడు ఆ వీధిలోకి వస్తే పొరపాటున యార్డులోకి వచ్చాననుకుని వెనక్కి తిరిగేవాడు. గురువమ్మ ఒక్కతే ఎదురు తిరిగింది. "పొద్దల్లా ఆపీసులో ఆ రంగే సూసి, ఇంటికొచ్చినా అదే సూత్తారేటి?" అని, కిటికీలకి వేయగా మిగిలిన నీలం డబ్బాని ఆ ఇటుక రంగులో ఒంపేసింది. అలా పుట్టింది ఆ వంగపండు రంగు.

ఇలా ఉండగా ఊళ్ళో సరుకుబండ్ల వారసత్వ సంఘం అని ఒకటి వెలిసింది. నిన్నమొన్నటి సరుకుబండ్లు ఏ రంగులో ఉండేవో, వాటి మీద తెల్ల అక్షరాలు ఎంత పొడుగుండేవో, అదంతా మరుగున పడిపోతోందని బాధపడే పెద్దమనుషుల సంఘం. ఆ బాధ వాళ్ళకి సాధారణంగా ఏసీ హాల్లో, భోజనానికి ముందు కలిగేది. తుక్కులో కొన్న పాత వేగన్ ఒకదాన్ని పార్కు మూల నిలబెట్టి, దానికి అసలు రంగు వేసి ఆదివారం నాడు తెర తీద్దామని తీర్మానించారు. చిక్కల్లా అసలు రంగేదో ఎవరికీ తెలియకపోవడమే. వేగన్నే చూద్దామంటే రంగు ఎక్కడ ఆగిందో, తుప్పు ఎక్కడ మొదలైందో దానికే తెలియదు. పాత ఫోటోలన్నీ నలుపూ తెలుపూ. రంగు ఫోటోల్లో ఖనిజం దుమ్ము తప్ప మరేమీ లేదు. అసలు ఆ లైన్లో తిరిగిన వేగన్ రంగు చూసినవాడంటూ ఉంటే దానికి రంగు వేసినవాడే. వాడైనా మొదటి లోడు ఎక్కేవరకే.

రంగు కనిపెట్టే పని సాయిరాంకి అప్పగించారు. డిజైన్ చదువుకున్నవాడు. సరుకుబండి అంటే సరుకు మోసే బండి కాదు, కదిలే బ్రాండు అని అతని నమ్మకం. ఆ నమ్మకానికి సంఘం జీతం కూడా ఇస్తోంది. వేగన్ రంగు వేసిన వస్తువులు ఈ వీధిలో దొరుకుతాయని ఎవరో చెబితే, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, మెడలో కెమేరా వేసుకుని, జీపు దిగి టీ బడ్డీ దగ్గరికి వచ్చాడు. అక్కడ సూర్యం టీ తాగుతున్నాడు. సర్వీసంతా వేగన్లకి రంగు వేసిన మనిషి.

"నమస్కారమండీ. రైల్వే రంగు వేసిన పాత వస్తువులు ఈ వీధిలో ఎవరెవరి ఇళ్ళల్లో ఉన్నాయి? సాయంత్రం వచ్చి అన్నీ ఫోటోలు తీసుకోవాలి. ముఖ్యంగా గేట్లు," అన్నాడు సాయిరాం ఎంతో మర్యాదగా.

ఆ మర్యాదే కొంప ముంచింది. ఆ వీధి వాళ్ళ లెక్కలో మర్యాదగా మాట్లాడే కొత్తవాడు ఒకే రకం: విజిలెన్సువాడు.

"మా యీదిలో అలటివేటీ నేవు బాబూ," అని టీ సగంలో వదిలేసి సూర్యం ఇంటి ముఖం పట్టాడు. వార్త వీధి ఈ చివర "ఫోటోలు తీత్తారట" అని బయల్దేరి, మధ్యలో "కేసులు రాత్తారట" అయి, ఆ చివరికి చేరేసరికి "పింఛన్లు ఆపేత్తారట" అయింది. అక్కడితో వీధి అయిపోయింది గనక సరిపోయింది.

రంగు మీద రంగు వేస్తే నేరం కనబడదని తేల్చింది సూర్యమే. అందరూ చిన్నబాబు కొట్టు మీద పడ్డారు. అతని దగ్గర చిలకాకుపచ్చ తప్ప ఇంకో రంగు లేదు. ఎన్నాళ్ళుగానో ఎవరూ కొనక, డబ్బాల మీద బల్లులు సంసారాలు పెట్టిన రంగు. ఇవాళ దానికోసం వరస కట్టారు. ఎందుకని అడగకపోవడమే వ్యాపారమని తెలిసినవాడు కాబట్టి చిన్నబాబు అడగలేదు.

మధ్యాహ్నం దాటేసరికి వీధంతా చిలకాకుపచ్చ. గేట్లు, పీటలు, రోకలి బండ కూడా. గౌరీశ్వరి కంగారులో కోళ్ళగూడుకి రంగు వేస్తూ లోపలున్న పుంజు సంగతి మరిచిపోయింది. అది సగం పచ్చతోకతో బయటికి వస్తే, పెట్టలు దూరపు చుట్టాన్ని చూసినట్టు చూసి పక్కకి జరిగాయి.

మిగిలింది మహేశ్వరరావు గేటు. సూర్యం కుంచె పట్టుకుని, గౌరీశ్వరి డబ్బా పట్టుకుని వచ్చారు.

"జరగండి బాబుగారూ. రెండు పూతలేసీసి ఎల్లిపోతాం."

"వద్దయ్యా సూర్యం. ఇది వేగన్ రంగు కాదు కదా. మీ వదిన కలిపింది."

"కలిపిందాన్లో సగం రైల్వేదే కదేటి? సగం దొంగతనానికి సగం శిచ్చ పడతాది."

గౌరీశ్వరికి జాలేసింది. "పోనీ, ఆ యేలుముద్ర కాడ వొగ్గీసి మిగతాదానికి ఏసీద్దుమా బాబుగారూ?"

"బాగుందమ్మా. వేలిముద్ర ఒక్కటే మిగిలిస్తే పోలీసులకి ఇంకా సులువు."

ఆయన లోపల్నుంచి కుర్చీ తెచ్చుకుని గేటుకి అడ్డంగా కూర్చున్నాడు. దొంగల కోసం గేటు పెట్టుకుంటారని ఆ వీధికి తెలుసు. శ్రేయోభిలాషుల నుంచి గేటునే కాపాడుకోవలసి వస్తుందని అప్పుడే తెలిసింది.

సాయంత్రం సాయిరాం వచ్చాడు. మొదటి గేటు మీద చెయ్యి వేశాడు. చెయ్యి పచ్చబడింది. రెండో గేటు చూశాడు, మూడోది చూశాడు. నల్ల కళ్ళద్దాల వల్ల అలా కనబడుతోందేమోనని తీసి చూశాడు. ఇంకా పచ్చగా కనబడింది. ఉసూరుమంటూ నడుస్తూ వంగపండు రంగు గేటు దగ్గర టక్కున ఆగిపోయాడు.

"ఇదీ! పాత పూత! ఈ రంగు ఎక్కడిదండీ?"

"యార్డుదే బాబూ, కాని అందులో..."

"యార్డుదే!" అని సాయిరాం చప్పట్లు కొట్టాడు.

"పూర్తిగా వినండి. మా ఆవిడ అందులో నీలం కలిపింది. ఇది వేగన్ రంగు కాదు."

"నీలం! పాత వేగన్ రంగులో నీలపు ఛాయ ఉండి తీరాలని సంఘంలో నెత్తీ నోరూ కొట్టుకున్నాను. అందరూ నవ్వారు."

"మీ ఛాయ కాదు బాబూ, మా కిటికీల డబ్బా."

సాయిరాం అప్పటికే సూర్యం వైపు తిరిగాడు. "పెద్దాయనా, మీరు చెప్పండి. వేగన్లు ఇదే రంగులో ఉండేవా?"

సూర్యం పచ్చటి చేతులు వెనక్కి దాచుకున్నాడు. "ఏమో బాబూ. నానెప్పుడూ వేగన్ ఏపు సూడనేదు. తలొంచుకుని డూటీ సేసుకునీవోడ్ని."

"ఏం డ్యూటీ?"

"అదే బాబూ... తలొంచుకునీ డూటీ."

"మా ఇంటాయన రైలు కూతే ఇన్నేదు," అని గౌరీశ్వరి అడగకుండానే అందుకుంది. ఆమె మొగుడు గార్డుగా చేసి రిటైరయ్యాడు.

ఎవరూ కాదనలేదు కాబట్టి అదే అసలు రంగని సాయిరాం నిర్ధారించేశాడు. పరిశోధనలన్నీ దాదాపు ఇలాగే ముగుస్తాయి. గేటు ఊడదీసి తీసుకెళ్ళి రంగు సరిచూసుకుని, ఆదివారం కాగానే తెచ్చిస్తానన్నాడు.

"గేటు ఇవ్వను," అన్నాడు మహేశ్వరరావు.

సూర్యం ఆయన చెవిలో గొణిగాడు. "ఇచ్చీండి బాబుగారూ. మీ గేటుతో పోతాది. నేపోతే అందరి పింఛన్లూ పోతాయి."

మహేశ్వరరావు వీధి వైపు చూశాడు. ఒక్కొక్క పచ్చ గేటు వెనక ఒక్కొక్క ముఖం. గురువమ్మ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ వంతులు వేసుకుని కేరేజీలు మోసిన ముఖాలే. ఆయన కుర్చీ పక్కకి లాగాడు.

"తీసుకెళ్ళండి. ఈ గొళ్ళెం పక్కన మాత్రం గీకకండి. చెయ్యి కూడా వేయకండి."

సాయిరాం ఎందుకని అడగలేదు. జేబులోంచి రుమాలు తీసి వేలిముద్ర మీద కప్పి కట్టాడు. ఆ రోజు మొత్తానికి అతను చేసిన తెలివైన పని అదొక్కటే.

గేటు లేని ఇంట్లోకి మేకలొచ్చాయి. కనకాంబరాలు తిన్నాయి. పొద్దున్నే పాలకోసం చెయ్యి చాపితే బొటనవేలు గాలిలో ఆగిపోయేది. రెండు రోజులు అది చూసి, మూడో రోజునుంచి గౌరీశ్వరి పాల చెంబు తనే వంటింటి గుమ్మం దాకా తెచ్చిపెట్టడం మొదలెట్టింది. "గేటు నేదు కదా, అడ్డేటి?" అంది, తనేదో లాభపడినట్టు.

ఆదివారం పార్కులో తెర తీశారు. వంగపండు రంగు వేగన్. దేశంలో ఏ పట్టాల మీదా ఏనాడూ నడవని వేగన్. దాని మీద తెల్ల అక్షరాలు, మరమ్మతు తేదీలు, ఎంత బరువు మోయాలో అన్నీ ముత్యాల్లా రాశారు. చప్పట్లు మోగాయి. సంఘం అధ్యక్షుడు మైకు దగ్గర కళ్ళు తుడుచుకున్నాడు.

"ఈ రంగు చూస్తుంటే నా చిన్నతనం కళ్ళకి కట్టినట్టు కనబడుతోంది. ఈ నమూనాని ఏళ్ళ తరబడి కాపాడిన మహేశ్వరరావుగారికి శాలువా కప్పుతున్నాం. వేగన్ రంగు వస్తువు ఎవరింట్లో దొరికినా వారికీ శాలువా కప్పి, రైలు చరిత్ర రక్షకులని బిరుదు ఇద్దామనుకున్నాం. పాపం, ఆ వీధిలో ఇంకెవరి దగ్గరా దొరకలేదు."

జనంలో సూర్యానికి నెత్తిన పిడుగు పడినట్టయింది. ఇజిలెన్సు కాదు, శాలువా! ఒక్క ఊపున లేచాడు.

"అయ్యా! వేగన్ రంగు ఇది కాదు! ఇటిక రంగు! నా సేతుల్తో ఏసేను!"

"మొన్న వేగన్ వైపే చూడలేదన్నారు కదా?" అన్నాడు సాయిరాం.

"అది భయానికి సెప్పేను బాబూ. ఇది నిజానికి సెప్తన్నాను."

"రుజువేమైనా ఉందా?"

"ఎందుకు నేదు? మా గేటు సూడండి, మా..." అని సూర్యం ఆగిపోయాడు.

"మీ వీధి గేట్ల ఫోటోలు నేనూ చూశాను," అన్నాడు అధ్యక్షుడు జాలిగా. "కూర్చోండి పెద్దాయనా. చిలకాకుపచ్చ వేగన్ ఎక్కడైనా ఉంటుందా?"

మహేశ్వరరావుని మైకు దగ్గరికి పిలిచారు. ఇది వేగన్ రంగు కాదని ఆయన మళ్ళీ చెబుదామనే లేచాడు. తలెత్తి చూస్తే ఎదురుగా గురువమ్మ రంగు, ఇల్లంత ఎత్తున. పొద్దల్లా ఆఫీసులో చూసిన రంగు ఇంట్లో వద్దని ఆమె కలిపిన రంగు చివరికి వేగన్నే ఎక్కి కూర్చుంది. చెప్పవలసిన నిజం చెప్పవలసిన చోట చెప్పేశాననీ, వినకపోవడం వినేవాళ్ళ ఇష్టమనీ ఆయనకి తోచింది. నమస్కారం పెట్టి, శాలువా కప్పించుకుని, దిగి వస్తూ వేగన్ పక్కన ఆగాడు. ఎవరూ చూడకుండా బొటనవేలు దాని మీద నొక్కాడు.

ఆరలేదు.

మర్నాడు సాయిరాం మాట తప్పకుండా గేటు తెచ్చి, తనే బందులు బిగించి, రుమాలు విప్పుకుని వెళ్ళాడు. మరుసటి పొద్దున్నే మహేశ్వరరావు బొటనవేలు దాని చోట అది కూర్చుంది. వంటింటి గుమ్మానికి పాల చెంబు మాత్రం అలాగే వస్తోంది.

ఆ తర్వాత సంఘం ఆ వీధిని వారసత్వ వీధిగా ప్రకటించి, ఇంటింటికీ వేగన్‌కి వేసిన రంగు డబ్బా పంచింది. వీధి కమిటీ అంటూ ఒకటి వేసి, అనుభవజ్ఞుడని సూర్యాన్ని అధ్యక్షుణ్ణి చేసింది. చిలకాకుపచ్చంతా గీకి, వీధంతా వంగపండు రంగైంది. పుంజు తోక కూడా కొంతవరకు.

నెల తిరిగాక గేటు మళ్ళీ మూలిగితే మహేశ్వరరావు నూనె గిన్నె పట్టుకుని బయటికి వచ్చాడు. గొళ్ళానికి ఒక నోటీసు గుచ్చి ఉంది. వారసత్వ వీధిలో మీ గేటు ఒక్కటే అసలు రంగుకి తేడాగా, వెలిసినట్టు ఉన్నది, కాబట్టి వారంలోగా సరిచేసుకోగలరు అని దాని సారాంశం.

కింద సూర్యం సంతకం, దాని పక్కన ఇంకా వదలని చిలకాకుపచ్చ మరక.