గుట్ట మీది దిండ్ల మహోపకారం

పసుపు బస్తాను మూపున వేసుకొని లారీ ఎక్కించగల మగవాడు, పావు కిలో కూడా తూగని కూర్చునే దిండును గుట్ట మీదికి ఎందుకు మోయలేడు? ఆర్మూరు మార్కెట్ యార్డులో ఈ ప్రశ్న చాలామందిని అడిగాను. తూకం వేసేవారు కాటా వైపు చూశారు. రైతులు ఆకాశం వైపు చూశారు.

కాబట్టి నేనే చెబుతాను. బరువు మోయడానికి బలం చాలు. తేలిక మోయడానికి సంస్కారం కావాలి! అది స్త్రీలకే ఉన్నదని మన పురుషులు ఎంతో వినయంతో ఒప్పుకున్నారు. కనుక తేలిక దిండు స్త్రీజాతికి దక్కిన వరమని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను.

ఈ వరం మా వీధికి దుబాయి నుంచి వచ్చింది. పొరుగింటి గంగాదాసు తమ్ముడు దేవిదాసు నిరుడు అక్కడి నుంచి కలర్ టీవీ తెచ్చాడు. ఇంటిల్లిపాదీ టీవీ చుట్టూ చేరగా, గంగాదాసు భార్య ముత్తవ్వ మాత్రం పెట్టెలోని థర్మోకోల్ దగ్గర చేరింది.

పసుపు కొమ్ములు ఏరి ఏరి అరిగిన మోకాళ్లు ఆమెవి. ఏటా వేసవిలో, పంట అమ్ముడుపోయాక, ఇంటివారంతా సిద్ధుల గుట్ట ఎక్కి అక్కడే భోజనం చేస్తారు. ఈసారైనా పైన కాసేపు సుఖంగా కూర్చోవాలని ఆమె కోరిక. థర్మోకోల్‌ను పీట కొలతకు కోసింది. పాత చీర చుట్టింది. ఖాళీ యూరియా సంచిలో దూర్చి, గోనెలు కుట్టే దబ్బనంతో అంచులు బిగించింది.

ఇక చూడండి! దిండు ఇటు మోర్తాడ్ దాటింది, అటు జక్రాన్‌పల్లి చేరింది. బస్సు కోసం వచ్చినవారు దిండు లేనిదే కూర్చోవడం మానేశారు. పంచాయితీ పెద్దలు దిండు రానిదే తీర్పు చెప్పలేదు. కమ్మర్‌పల్లిలో ఒక పెళ్లికొడుకు పీట మీద దిండు లేదని అలిగాడట. చెమటకు సంచి మీది అచ్చు అంటుకొని, మా ఊరి పెద్దమనుషుల వెనుక భాగాలలో నలభై ఆరు శాతం నత్రజని ఉన్నదని లోకానికి తెలిసింది. ‘కొక్కేలు వాడరాదు’ అన్న హెచ్చరిక కూడా అక్కడే! నాగరికత ఇంతకంటే ఏం సాధించాలి?

ఈ వేసవిలో నేనూ వారితో గుట్ట ఎక్కాను. ముత్తవ్వ ఇంటి మగవారికి తలా ఒక దిండు కుట్టి, తనకూ ఒకటి కుట్టుకుంది. అన్నీ తానే మోసింది. తేలిక కదా! అన్నం గిన్నె కూడా తానే మోసింది. అది తేలిక కాదు కానీ, చేతులు ఎలాగూ నిండే ఉన్నాయి కదా.

తోవలో దేవిదాసు స్నేహితుడొకడు కలిశాడు. పైకి చేరగానే ముత్తవ్వ దిండు మీద ఆసీనుడయ్యాడు. అతిథిని లేపుతామా?

“మోకాళ్లు గుంజుతున్నయి. జర నేను గూడ కూసుంట,” అన్నది ముత్తవ్వ.

“ముందుగాల అన్నం పెట్టు,” అన్నాడు గంగాదాసు. “గిప్పుడే కూసుంటె మళ్ల లేస్తవా నువ్వు?”

ఎంత ముందుచూపు! లేవడం కష్టమవుతుందని భార్యను అసలు కూర్చోనివ్వని భర్త ఎందరికి దొరుకుతాడు?

వడ్డన ముగిసింది. ముత్తవ్వ మిట్టమధ్యాహ్నపు బండ మీదనే కూలబడింది. గంగాదాసు దయగల మనిషి, విచారించాడు.

“బండ కాల్తలేదానే?”

“నువ్వు లేస్తె గదా తెల్సేది.”

అందరూ నవ్వారు. గంగాదాసు కూడా నవ్వాడు, కూర్చునే. ఆమె పక్కన కూర్చున్న నేను సాక్ష్యం చెబుతున్నాను: కాలుతోంది.

పాఠక మహాశయా, ఇక మీ సంగతి. మీరిది కూర్చునే చదువుతున్నారు. మీ కింద ఉన్నదాన్ని ఎవరు కుట్టారో, ఎవరు దులిపారో, ఎవరు తెచ్చి వేశారో నేను అడగను. ఆవిడ ఈ క్షణాన మీ ఇంట్లోనే ఎక్కడో నిలబడి ఉంది. పత్రిక మడవండి. లేవండి.